హెల్సింకి పరాజయము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ఒక ఓటమిని గూర్చి. విజయములను గూర్చి చెప్పువారు పెక్కుమంది గలరు. గెలిచినవాని యింటికి చుట్టములు పిలువకయే వత్తురు; ఓడినవాని గడప త్రొక్కువాడు అరుదు. కాని రచ్చబండపై కూర్చుండి ఊరి తగవులు తీర్చిన పెద్దలకు ఒక సంగతి తెలియును. ఒక సంసారము ఏల బాగుపడెనో తెలిసికొనుటకంటె, ఏల చితికెనో తెలిసికొనుట వలన ఇరుగుపొరుగువారికి ఎక్కువ మేలు కలుగును. ఆ న్యాయముననే 1952వ సంవత్సరమున భారతదేశపు ఫుట్‌బాలు జట్టు పొందిన ఘోర పరాజయమును మీ యెదుట విచారణకు పెట్టుచున్నాను. ఆటలను గూర్చి పెద్దలకేల అందురేమో! ఆ ఓటమిలో మన హైదరాబాదువారికి పాలు కలదు. దాని పిమ్మట జరిగిన ఉద్ధరణలో మరింత పాలు కలదు. అందుచేత ఇది మన చరిత్రయే.

ముందు జరిగినది చెప్పెదను. ఐరోపాఖండమున ఉత్తరపు కొసనున్న ఫిన్లాండు దేశమునకు హెల్సింకి రాజధాని. నాలుగేండ్ల కొకమారు జరుగు ఒలింపిక్ క్రీడలు 1952లో అచ్చట జరిగెను. ప్రారంభోత్సవము జూలై 19వ తేదిన. కాని ఫుట్‌బాలునకు వచ్చిన జట్లు ఎక్కువ యగుటచే, వానిలో కొన్నింటిని వడపోయుటకై తొలి పోటీలను ముందుగనే పెట్టిరి. జూలై 15వ తేదిన మన జట్టు యుగోస్లావియా జట్టును ఎదుర్కొనెను. ఆట సగము ముగియునప్పటికి వారికి 5 గోలులు, మనకు సున్న. పూర్తిగ ముగియునప్పటికి వారికి 10, మనకు 1. ఆ యొక్క గోలును బెంగుళూరి ఆటగాడగు అహమ్మద్ ఖాన్ చివరి నిమిషములలో కొట్టి, పరువులో పిసరంత నిలిపెను. ఎదుటి పక్షమున జెబెట్స్ అను నాతడొక్కడే 4 గోలులు వేసెను. ఒకమారు ఓడినవానికి మరల అవకాశము లేని పోటీ యది. కావున క్రీడలు ప్రారంభము కాకమునుపే, నాలుగు దినములు ముందుగ, మనవారి పని ముగిసెను. పెండ్లికని తరలిపోయి, ముహూర్తము రాకమునుపే విడిది నుండి మరలివచ్చినట్లయ్యెను.

ఆ జట్టునకు నాయకుడు వంగదేశీయుడైన శైలేన్ మన్నా. శిక్షకుడు హైదరాబాదు నివాసియగు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ మన హైదరాబాదు నగర పోలీసు జట్టువారు. వీరెవ్వరును చేతగానివారు కారు. ఈ మాటను మీరు ముందుగ మనసున నిలుపుకొనవలెను. ఏలననగా, ఓటమి వార్త విన్నవెంటనే మనము చేయు మొదటి పని ఓడినవానిని తిట్టుట. అది సులభమైన పని. దానివలన తెలియునది మాత్రము ఏమియు లేదు.

వీరు చేతగానివారు కారనుటకు నిదర్శనము చూడుడు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఫ్రాన్సు దేశముతో ఆడి 2కు 1 గోలుగా ఓడెను. అందులో మనకు రెండు పెనాల్టీలు, అనగా గోలు కాపరి యొక్కడే యెదుట నిలువగా దగ్గరనుండి బంతిని కొట్టు అవకాశములు, లభించెను. రెండును వ్యర్థమయ్యెను. అవి సఫలమైయున్నచో ఆ దినమున గెలుపు మనదే. ఆ పిదప 1951 మార్చి మాసమున ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగెను. ఇండోనేషియాను 3 గోలులతోను, ఆఫ్గనిస్థానమును 3 గోలులతోను ఓడించి, తుదిపోటీలో మేవాలాల్ కొట్టిన గోలుతో ఇరానును 1కి సున్నగా ఓడించి, మనవారు బంగారు పతకము గైకొనిరి. మూడు పోటీలలోను మన పక్షమున ఒక్క గోలైనను పడలేదు. ఇట్టి జట్టు 16 మాసములు తిరుగగనే 10 గోలులు తినెను. ఈ రెంటి నడుమ ఏమి జరిగెను? ఇదియే మన ప్రశ్న.

లోకులు చెప్పు మొదటి కారణము బూట్లు. మన ఆటగాండ్రలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. ఎదుటివారు దిట్టమైన తోలుబూట్లు తొడిగి ఆడిరి. అందుచే ఓడితిమి అందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఎండిన గట్టినేలపై వట్టికాలు బంతిని పట్టినట్లు బూటు పట్టదు. మన బాలురు చిన్ననాటినుండి ఆడినది అట్టి నేలపైననే. కాని పచ్చిక బలసిన మెత్తని చలినేలపై కథ వేరు. అచ్చట కాలు జారును. బూటు క్రిందనుండు గుబ్బలు నేలను పట్టి నిలుపును. బూటు కాలితో ఒరసికొనునప్పుడు వట్టికాలు వెనుదీయుట సహజము. ఆ పరాజయము పిమ్మట మన ఫుట్‌బాలు సమాఖ్యవారు బూట్లు తప్పనిసరి యని నియమము చేసిరి.

అయినను ఈ కారణమునే సమస్తమునకు మూలముగ చెప్పుట, ఆడలేనమ్మ మద్దెల ఓడనుట వంటిది. ఇందుకు రెండు సాక్ష్యములు గలవు. మొదటిది, 1948లో ఫ్రాన్సును గడగడలాడించినవారిలో పెక్కుమంది వట్టికాళ్లవారే. రెండవది, బూట్ల నియమము వచ్చిన పిమ్మట 1955 సెప్టెంబరు 16వ తేదిన మాస్కో నగరమున సోవియట్ దేశపు జట్టుతో ఆడి మనవారు 11కు 1 గోలుగా ఓడిరి. బూట్లు వచ్చెను, గోలులు తగ్గలేదు. పాదములకు తోలు తొడిగినంత మాత్రమున తీరు లోపము కాదది.

ఇచ్చట ఒక ఉపకథ చెప్పవలసియున్నది. 1950లో బ్రెజిల్ దేశమున జరిగిన ప్రపంచ ఫుట్‌బాలు పోటీకి మనవారికి స్థానము లభించెను. మన వర్గములోని తక్కిన దేశములు మానుకొనుటయే దానికి కారణము. కాని మన జట్టు పోలేదు. వట్టికాళ్లతో ఆడనీయమని వారు కట్టడి చేయుటచే మనము మానుకొంటిమని ఊరూర ఒక కథ ప్రచారములో నున్నది. చరిత్రను పరిశోధించినవారు దీనిని అంగీకరింపరు. అంత దూరపు సముద్రయానము, తగినంత అభ్యాసము లేకుండుట, అన్నిటికంటె మించి ఒలింపిక్ క్రీడలే ముఖ్యములని, ప్రపంచపు పోటీ అంత గొప్పది కాదని మన నిర్వాహకులు తలచుట నిజమైన కారణములు. వట్టికాళ్ల కథ వినుటకు ఇంపుగానుండును. పేదవాని పౌరుషముగ తోచును. అందుకే అది బ్రతికినది. కాని ఆ కథ చాటున నిర్వాహకుల అశ్రద్ధ దాగికొనెను. బ్రెజిలునకు పోయి ఓడియున్నను, లోకమున ఆట ఎంత మారినదో మనకు రెండేండ్లు ముందుగనే తెలిసియుండెడిది. హెల్సింకిలో ఒక్క దినమున నేర్చిన పాఠమును బ్రెజిలులో నిదానముగ నేర్చియుందుము.

రెండవ కారణముగ చెప్పునది కాలము, శీతలము. ఆ దినములలో మన దేశమున పోటీలు ఒలింపిక్ పోటీలవలె 90 నిమిషములు గాక, అంతకు తక్కువ కాలము నడుచు ఆచారముండెడిది. తక్కువ కాలమునకు అలవాటుపడిన ఊపిరి ఎక్కువ కాలమునకు చాలదు. నాలుగు మూరల నూతికి కట్టిన త్రాడు ఆరు మూరల నూతికి అందునా? పైగా హెల్సింకి మన ఓరుగల్లునకు ఎంతో ఉత్తరమున నున్నది. ఓరుగల్లు భూమధ్యరేఖకు 18 అంశములలో నుండగా, హెల్సింకి 60 అంశములలో నున్నది. జూలై మాసమైనను మనకు అది చలిదేశమే. ఇదియు నిజమే. కాని దీనినే ప్రధాన కారణముగ పట్టుకొందమన్నచో లెక్క కుదరదు. 10 గోలులలో 5 ఆట మొదటి సగములోనే పడెను. తక్కిన 5 రెండవ సగమున పడెను. అలసటయే కారణమైనచో మొదట నిలిచి చివర కూలవలెను. మనవారు మొదటినుండియు కూలిరి. కావున అలసటకంటె ముందుగ పనిచేసిన కారణమేదో వేరొకటి యుండవలెను.

ఆ కారణము ఆటగాండ్రను నిలువబెట్టు పద్ధతిలో నున్నది. మీకు సులభముగ చెప్పెదను. జట్టుకు 11 మంది. ఒకడు గోలు కాపరి. తక్కిన 10 మందిని మనవారు పూర్వాచారమును బట్టి మూడు వరుసలుగ నిలిపెడివారు: వెనుక కాచువారు 2, నడుమవారు 3, ముందునకు పోయి కొట్టువారు 5. ఒకప్పుడు లోకమంతట ఇదియే పద్ధతి. కాని 1925లో ఆట నియమమొకటి మార్చిరి. అంతవరకు ఎదుటి గోలు చెంతకు పోయిన ఆటగాడు బంతి నందుకొనవలెనన్న వానికిని గోలు గీతకును నడుమ ఎదుటి పక్షమువారు ముగ్గురుండవలెను. ఆ యేటినుండి ఇద్దరుండిన చాలునని సడలించిరి. కొట్టువానికి దారి సుగమమయ్యెను. కాచువానికి పని పెరిగెను. అప్పుడు ఇంగ్లండునందు ఆర్సెనల్ అను జట్టును నడిపిన హెర్బర్ట్ చాప్‌మన్ మున్నగువారు నడుమ వరుసనుండి ఒకనిని వెనుకకు దింపి, కాచువారిని ముగ్గురిని చేసిరి. ఐరోపా దేశములు దీనిని అభ్యసించి, ఇంకను మెరుగులు దిద్దిరి. మనము మాత్రము 1952 వరకు, అనగా 27 సంవత్సరములు, ఇద్దరు కాచువారితోనే కాలము గడిపితిమి.

మన ఓరుగల్లు కోటను చూచినవారికి దీని భావము వెంటనే తెలియును. లోపల రాతికోట, దానిచుట్టు అగడ్త, వెలుపల మట్టికోట. శత్రువు ఒకదానిని దాటినను మరియొకటి యెదురగును. మట్టి గోడకు రాతి బలము లేకున్నను, అది శత్రువును అలయించును, ఆలస్యము చేయును. ఆ లోపల లోనివారు సిద్ధపడుదురు. హెల్సింకిలో మన జట్టునకు మట్టికోట లేకపోయెను. ఐదుగురు ముందునకు పోయినప్పుడు వెనుక ఇద్దరే మిగిలిరి. శైలేన్ మన్నా వంటి ఘనుడైన రక్షకుడును ముగ్గురు నలుగురు ఒక్కమారు మీదికి వచ్చినచో ఏమి చేయగలడు? ఒకనిని పట్టిన మరియొకడు తప్పించుకొనును. మనిషి లోపము కాదది. కోట కట్టిన తీరులోని లోపము.

ఇక నాలుగవ కారణము ఎదుటివాని బలము. యుగోస్లావియా సామాన్యమైన జట్టు కాదు. 1948లో లండనునందు వారు రజత పతకము గెలిచిరి. మనలను ఓడించిన పిదప సోవియట్ జట్టుతో 5కు 5గా సమానముగ ఆడి, మరల ఆడినప్పుడు 3కు 1గా గెలిచిరి. డెన్మార్కును, జర్మనీని దాటి తుదిపోటీకి పోయి, పుష్కాష్ మున్నగు మహాక్రీడాకారులు గల హంగరీ చేతిలో మాత్రమే 2 గోలులతో ఓడిరి. 1956లో మరల రజతము, 1960లో స్వర్ణము వారు పొందిరి. ఆ దేశము 1991 మొదలుకొని ముక్కలై నేడు ఆ పేరుతో లేదు గాని, ఆనాడు ఫుట్‌బాలు రాజ్యమున అది గొప్ప సామంతము. మొదటి పోటీలోనే అట్టివారు తగులుట మన దురదృష్టమని చెప్పవచ్చును. అయినను దురదృష్టము 3 గోలులకో 4 గోలులకో సమాధానము చెప్పును. 10 గోలులకు చెప్పదు.

ఐదవ కారణము, నా యభిప్రాయమున తక్కినవానికెల్ల తల్లివేరు వంటిది, గెలుపు తెచ్చిన ఏమరుపాటు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. ఇంట గెలిచినవాడు రచ్చ గెలుచుటకు మరల సిద్ధపడవలెనన్న అర్థము కూడ అందులో గలదు. 1951లో ఢిల్లీలో మనము గెలిచినది ఆరు దేశముల నడుమ, మన నేలపై, మన ఎండలో, మన ప్రజల కేకల నడుమ. ఆ గెలుపు నిజమైనదే. కాని అది లోకమున మన కొలత ఎంతయో తెలుపలేదు. వాపును చూచి బలుపనుకొంటిమి.

ఓరుగల్లు చరిత్రలోనే ఇందుకు పోలిక కలదు. ఢిల్లీ తుగ్లకు రాజకుమారుడు ఉలూగ్ ఖాన్ మొదటిసారి ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుని సేన నిలిచెను. శత్రు శిబిరమున కలతలు పుట్టి వారు దేవగిరికి వెనుదీసిరి. ఓరుగల్లు ఊపిరి పీల్చుకొనెను. కాని ఆ రాజకుమారుడు క్రొత్త బలగముతో కొలది మాసములలోనే మరలివచ్చెను. రెండవ ముట్టడికి కోట తగినంత సిద్ధముగా లేదు, 1323లో పడిపోయెను. మొదటి గెలుపునకును రెండవ ఓటమికిని నడుమ గోడలు మారలేదు, వీరులు మారలేదు. గోడలవెనుక నుండవలసిన సన్నాహము లోపించెను. యుద్ధమును ఆటతో పోల్చుట పెద్దమాట యని మీరనవచ్చును. పోలిక రాజ్యములకు కాదు, ఏమరుపాటునకు.

మరి శిక్షకుడు ఏమి చేయుచుండెనని మీరడుగుదురు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించెను. 1943నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగ నుండి, నగర పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ 5 సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. తన జట్టులో ఏమి చేయగలడో ఆయన చూపెను. కాని జాతీయ జట్టు వేరు. నలుమూలలనుండి వచ్చిన ఆటగాండ్రు కొలది దినములు మాత్రము శిక్షకుని యొద్ద నుందురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఊరి పద్ధతి అలవాటు. నాట్లు వేసిన పిదప దుక్కి దున్నుమన్నచో రైతేమి చేయగలడు? ఆటగాండ్రు పోలీసులో, రైల్వేలో, సైన్యములో ఉద్యోగములు చేసికొనుచు ఆడెడివారు. ఐరోపా జట్లతో తరచు ఆడి తమ బలాబలములు తెలిసికొను అవకాశము వారికి లేదు. ఇరుగుపొరుగు దేశములతో జరిగిన కొలంబో చతుర్దేశ పోటీలలో 1952 మొదలు 1955 వరకు మనవారికి ఓటమి యన్నది తెలియదు. ఆ గెలుపులును మన కన్నులకు కొంత మసక కమ్మెను.

అదే హెల్సింకిలో మన దేశీయులే మరి ఇద్దరు కథలు వ్రాసిరి. హాకీ జట్టు తుదిపోటీలో హాలండును 6కు 1గా ఓడించి స్వర్ణము తెచ్చెను; అందు బల్బీర్ సింగ్ ఒక్కడే 5 గోలులు కొట్టెను. హాకీలో మనవారు 1928నుండియు లోకముతో ఆడుచుండిరి. కావున లోకము ఎంతటిదో వారికి తెలియును. మహారాష్ట్రమున సతారా మండలమునకు చెందిన కాశాబా జాదవ్ అను యువకుడు మల్లయుద్ధమున కంచు పతకము తెచ్చెను. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగతముగ లభించిన మొదటి ఒలింపిక్ పతకమదియే. ఆతని ప్రయాణమునకు కావలసిన ధనమును ఊరివారు చందాలు పోగుచేసి కూర్చిరి. చలి ఒకటే, దూరము ఒకటే, పేదరికము ఒకటే. ఫలములు వేరగుటకు కారణము సన్నాహమున నున్నది. అంతేగాక, ఊరు పూనుకొనిన పని ఎట్లుండునో ఆ మల్లుని కథ మనకు తెలుపుచున్నది.

ఓటమికి కారణములు చెప్పితిని. అవి నిజమైన కారణములగునా కాదా యని పరీక్షించుట యెట్లు? ఒకే మార్గమున్నది. ఆ లోపములను దిద్దినప్పుడు ఫలము మారినదా యని చూడవలెను. రహీం హెల్సింకిని మరువలేదు. పాత పద్ధతిని విడిచి, వెనుక కాచువారిని పెంచి, నడుమవారికిని ముందువారికిని క్రొత్త పనులు నేర్పెను. బాలురకై వింత పోటీలు పెట్టెను. ఒక పోటీలో ఎడమకాలివంటి చేవలేని కాలితోనే కొట్టవలెను. మరియొక పోటీలో బంతిని తన కాళ్ల చెంత నుంచుకొనక, అందిన వెంటనే తోటివానికి పంపవలెను. ఒంటరిగ బంతి నాడించి చప్పట్లు కొట్టించుకొను అలవాటు మానిపించి, పదిమంది కలిసి యాడుటను ఆయన నేర్పెను. పెండ్లి పల్లకిని ఒకడు ఎంత బలవంతుడైనను మోయలేడుగదా!

ఫలమెట్లుండెనో వినుడు. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు సమర్ బెనర్జీ నాయకత్వమున మన జట్టు పోయెను. హైదరాబాదునుండి పెక్కుమంది అందుండిరి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు చెంత అమ్ముగూడ పేదయింటి బిడ్డయగు తులసీదాసు బలరామ్. హంగరీ రాకపోవుటచే మొదటి పోటీ ఆడకయే మనకు దక్కెను. డిసెంబరు 1వ తేదిన ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4కు 2గా ఓడించిరి. నెవిల్ డిసౌజా అందు 3 గోలులు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియావాడొకడు ఒకే పోటీలో 3 గోలులు కొట్టుట అదియే ప్రథమము. సెమీఫైనలులో ఎదురైనది మరల యుగోస్లావియాయే! ఈసారి మొదటి గోలు మనది. పిమ్మట వారు 4 గోలులతో గెలిచిరి గాని, 10కి 1 ఎక్కడ, 4కు 1 ఎక్కడ! బల్గేరియాతో 3 గోలులకు ఓడి మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ యేట 11 జట్లే ఆడెనని, మనకు దారి కొంత సులువయ్యెనని న్యాయముగ ఒప్పుకొనవలెను. అయినను ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశమునకు నేటికిని అదియే ఉన్నత స్థానము.

1960లో రోము నగరమున హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశములతో ఒకే వర్గమున పడిరి. ముందునకు పోలేకపోయిరి, కాని హంగరీతో 2కు 1గా మాత్రమే ఓడిరి, ఫ్రాన్సుతో 1కి 1గా సమానముగ ఆడిరి. హంగరీపైనను పెరూపైనను గోలు కొట్టినది మన బలరామే. 1962లో జకార్తా నగరపు ఆసియా క్రీడలలో మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2 గోలులకు ఓడి, పడిలేచి, సెప్టెంబరు 4వ తేదిన తుదిపోటీలో ఆ కొరియానే 2కు 1గా ఓడించి స్వర్ణము తెచ్చిరి. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను, రక్షకునిగ నున్నవానిని, రహీం ముందు వరుసలో నిలుపగా ఆతడు గోలు కొట్టెను. అప్పటికే రహీమునకు ప్రాణాంతకమైన వ్యాధి సోకియుండెను. 1963 జూన్ 11వ తేదిన ఆయన కన్నుమూసెను.

ఇప్పుడు మన విచారణలో చివరి అంశము. ఓటమిని గెలుపుగ మార్చిన పద్ధతి ఆయనతో కాటికి పోయెను. 1964లో ఆసియా కప్పులో రెండవ స్థానమును, 1970లో బాంగ్‌కాక్ ఆసియా క్రీడలలో మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున కంచు పతకమును పొందితిమి. అది నాటిన చెట్టు పిదప ఇచ్చిన కాపు. క్రొత్త మొక్కలు నాటినవారు తక్కువైరి. 1960 రోము తరువాత భారత జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలులో మరల అడుగు పెట్టలేదు. ఒకనాడు జాతీయ జట్టులో సగమువరకు నింపిన హైదరాబాదునుండి పోవువారును క్రమముగ అరుదైరి. హెల్సింకి ఓటమి ఒక్క దినమున జరిగినది గనుక అందరు చూచిరి, ఏడ్చిరి, దిద్దుకొనిరి. ఈ రెండవ ఓటమి ఏండ్లకొలది నెమ్మదిగ జరిగినది. ఎవ్వరును ఏడువలేదు, అందుచే ఎవ్వరును దిద్దుకొనలేదు. చెరువు కట్ట ఒక్కసారి తెగినచో ఊరంతయు పారలు పట్టుకొని పరుగెత్తును. పూడిక ఏటేట పేరుకొనినచో ఎవ్వరికిని కానరాదు. ఒకనాటికి చెరువే యుండదు. ఈ రెంటిలో ఏది యెక్కువ హానియో కాకతీయుల చెరువుల క్రింద సేద్యము చేసిన మీకు నేను చెప్పనక్కరలేదు.

పెద్దలారా, ఈ ప్రసంగమువలన మీరు గ్రహింపవలసినది ఫుట్‌బాలును గూర్చియే కాదు. మీ ఊరి బాలుడొకడు పరీక్షలో తప్పవచ్చును. మీ సహకార సంఘము నష్టపోవచ్చును. పొరుగూరి జాతరలో మీ ఊరి కబడ్డీ జట్టు ఓడిరావచ్చును. అప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవి. వారికి తగిన సన్నాహకాలము నిచ్చితిమా? లోకమున మారిన పద్ధతి వారికి నేర్పితిమా? తమ కొలత తాము తెలిసికొనునట్లు తమకంటె బలవంతులతో వారినెప్పుడైన ఆడనిచ్చితిమా? నేర్పగల గురువు దొరికినప్పుడు, ఆయన విద్యను ఆయనతోనే పోనీయక మరి నలుగురికి అందునట్లు చేసితిమా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పిన పిదప ఇంకను కోపము మిగిలియున్నచో, అప్పుడు ఓడినవానిని మందలింపవచ్చును. సామాన్యముగ అంత కోపము మిగులదు.

ఊరిలో పిల్లలాడుకొను ఖాళీ జాగా ఒకటి మిగిలియున్నచో, దానిని దున్నింపక, గోడ కట్టింపక కాపాడుడు. అమ్ముగూడ బలరామ్ వంటి బిడ్డ ఏ వీధిలో బంతి తన్నుచున్నాడో ఎవరెరుగుదురు?

సెలవు.